హాస్టలు విడిచిన పిల్లలు - అద్దె ఇంటి బాధ్యతలు

విశ్వవిద్యాలయ హాస్టలులో గది ఖాళీ చేసి, నలుగురు స్నేహితులు కలిసి ఊళ్ళో ఒక ఇల్లు అద్దెకు తీసుకోవడం పైకి చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. పెట్టె, పరుపు, పుస్తకాలు ఒక ఆటోలో వేసుకుంటే పని అయిపోయిందనుకుంటాం. కాని విశాఖపట్నంలో చదువుకుంటున్న మన పిల్లల విషయంలో ఈ చిన్న మార్పు ఒక్కొక్కప్పుడు చదువు సాగుతుందా, ఆగుతుందా అన్నంత వరకు వెళుతున్నది. ఆడపిల్లల విషయంలోనైతే మరీను. హాస్టలులో ఉన్నంతకాలం నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు, "ఇక బయట ఇల్లు చూసుకోవాలి" అన్న మాట చెవిన పడగానే, "చదివింది చాలు, ఇంటికి వచ్చేయమ్మా" అంటున్నారు. బోధనా వృత్తిలో ఉన్న మాకు ఈ మాట తరచుగా వినవస్తున్నది. అందుచేత ఈ విషయాన్ని పాఠకుల ముందు కొంత వివరంగా ఉంచదలచాము.

అద్దెకున్నవారు కట్టిన నగరం

విశాఖ మొదటినుంచీ బయటివారు వచ్చి బతికిన ఊరు. 1933లో ఓడరేవు ప్రారంభమయింది. తరువాత నౌకా నిర్మాణ కేంద్రం, నావికాదళం, చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమయింది. ఒక్కొక్క పరిశ్రమ వెంట వేలాది యువకులు ఈ ఊరికి చేరారు. నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకొని, వంతులవారీగా వండుకొని, మిగిలిన డబ్బు ఇంటికి పంపారు. గాజువాక, మల్కాపురం, కంచరపాలెం వంటి పేటలకు ఈ జీవితం కొత్త కాదు.

చదువుల సంగతీ అంతే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ఏర్పడి 1930లో వాల్తేరుకు వచ్చింది. 1931 నుంచి 1936 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుంచి అధ్యాపకులను రప్పించారు. తరువాతి కాలంలో కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్ అలా బెంగాలు నుంచి వచ్చి కొంతకాలం ఇక్కడ బోధించినవారే. నేడు గీతం ఉంది, 2015లో వచ్చిన ఐఐఎం ఉంది, 2016లో వచ్చిన పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, నర్సీపట్నం, గోదావరి జిల్లాల పిల్లలంతా చదువుకోసం ఇటే చూస్తున్నారు.

ఎంత పెద్ద విశ్వవిద్యాలయమైనా అందరికీ, అన్ని సంవత్సరాలూ గది ఇవ్వలేదు. కోర్సు గడువు ముగిసినవారు, సీటు దొరకనివారు, చదువు పూర్తయి డీఎస్సీకో, గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో సిద్ధమవుతున్నవారు బయటికి రావలసిందే. మద్దిలపాలెం, ఇసుకతోట, పెదవాల్తేరు, చినవాల్తేరు, ఎం.వి.పి. కాలనీ వీధులలో టు-లెట్ బోర్డుల కింద ఆగి ఫోను నంబర్లు రాసుకుంటున్న పిల్లలంతా వీరే.

హాస్టలు మోసిన బరువు

హాస్టలు మీద పిల్లల ఫిర్యాదులకు అంతు ఉండదు. సాంబారు పలుచన, నీళ్ళు సమయానికి రావు, గదికి ముగ్గురు అంటారు. ఆ ఫిర్యాదులలో నిజం ఉండవచ్చు. అయినా హాస్టలు మన కంటికి కనిపించని ఎన్నో బరువులు మోస్తుంది. మోటారు చెడిపోతే బాగుచేయించేది హాస్టలే. రాత్రి జ్వరం వస్తే వార్డెనుకు కబురు చేయవచ్చు. పక్క గది కుర్రవాడు చదువు మానేసి వెళ్ళిపోతే అతని బాకీతో మనకు సంబంధం లేదు. సెలవులకు ఇంటికి వెళితే మెస్ బిల్లు తగ్గుతుంది.

అద్దె ఇంట్లో ఇవన్నీ నలుగురి నెత్తిన పడతాయి. ఉదాహరణకు ఒక డబుల్ బెడ్‌రూం పోర్షను అద్దె నెలకు 12,000 రూపాయలు అనుకుందాం. నలుగురికి తలా 3,000. ఇంటివారు రెండు నెలల అడ్వాన్సు అడిగితే 24,000, అంటే తలా 6,000. గ్యాసు, పొయ్యి, గిన్నెలు, బకెట్లు, తాగే నీళ్ళ క్యాన్లు, కరెంటు బిల్లు వేరు. ఇంతవరకు లెక్క బాగానే ఉంటుంది. నవంబరులో ఒకరికి హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది. అతను సంతోషంగా రైలెక్కి వెళ్ళిపోతాడు. మరునాటినుంచి మిగిలిన ముగ్గురికి తలా 4,000. అతని వాటా అడ్వాన్సు 6,000 ఎవరు ఇవ్వాలి? ఇంటివారు ఇల్లు మొత్తం ఖాళీ చేసేదాకా ఇవ్వరు. మిగిలినవారి దగ్గర ఉండదు. అంతవరకు ఒకే కంచంలో తిన్నవారి మధ్య మాటలు ఆగిపోతాయి. సంక్రాంతికి, వేసవికి అందరూ ఇంటికి వెళ్ళినా అద్దె మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. పన్నెండు నెలలూ నడుస్తూనే ఉంటుంది.

ఈ తగాదాలలో మొదట నష్టపోయేది చదువే. పరీక్షల నెలలో ఇల్లు వెతుక్కునే విద్యార్థి ఏమి చదువుతాడు?

రాసి పెట్టుకోవడం అపనమ్మకం కాదు

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. "అబ్బే, మనవాళ్ళే కదా, కాగితం ఎందుకు?" అంటాం. కాగితం అడిగితే ఎదుటివారిని అనుమానించినట్లు భావిస్తాం. కాని దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు ఏ విషయం గురించినదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అల్-బఖరా సూరాలోని 282వ ఆయతు అది. అప్పు లావాదేవీని రాసుకోవడం, సాక్షులను పెట్టుకోవడం గురించి అందులో ఆదేశం ఉంది. విశ్వాసుల మధ్యనే రాత అవసరమైనప్పుడు, ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య, ముఖపరిచయం లేని ఇంటి యజమానితో అవసరం ఉండదా?

చట్టం ఏమంటున్నదో కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం కొందరు కలిసి ఉమ్మడిగా ఒక బాధ్యతకు ఒప్పుకుంటే, వేరుగా రాసుకోనంతవరకు, వారిలో ఏ ఒక్కరినుంచైనా మొత్తం బాకీ వసూలు చేసుకునే హక్కు అవతలివారికి ఉంటుంది. చెల్లించినవారు తక్కినవారినుంచి వారి వాటాలు రాబట్టుకోవచ్చు. అంటే నలుగురు కలిసి సంతకం చేసిన కాగితం మీద మీ అబ్బాయి బాధ్యత పావు వంతు అనుకోకూడదు. ఇంటి యజమాని దృష్టిలో అది పూర్తి బాధ్యత. ఒక్కరే సంతకం చేసిన ఇంట్లో సంగతి ఇంకా కష్టం. మొత్తం బరువు ఆ ఒక్కరిదే. మిగిలిన ముగ్గురు మాట మీద ఉన్నవారే. సంతకం చేసేవారికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలన్నది కూడా అదే చట్టంలోని నియమం.

మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో కొత్త చట్టం వచ్చింది. అద్దెకు ఇచ్చే ఇంటికి రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది దాని ఉద్దేశం. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని, నీరు, కరెంటు వంటి అవసరాలను ఆపరాదని చెబుతున్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. అయినా అడ్వాన్సు గురించి మాట్లాడేటప్పుడు ఏది న్యాయమో చెప్పడానికి అది ఒక కొలబద్దగా పనికివస్తుంది.

2020లో కరోనా రోజులను ఎవరూ మరచి ఉండరు. హాస్టళ్ళు మూతబడ్డాయి. అద్దె గదులలో ఉన్నవారు ఎటూ కదలలేకపోయారు. ఆ సంవత్సరం మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కార్మికులను, విద్యార్థులను బలవంతంగా ఇల్లు ఖాళీ చేయించే యజమానులపై చర్య తీసుకోవలసి ఉంటుందని అందులో ఉంది. విద్యార్థి కూడా ఒక అద్దెదారుడేనని, అతనికీ రక్షణ కావాలని ప్రభుత్వం గుర్తించడానికి అంత పెద్ద ఆపద రావలసి వచ్చింది.

కాబట్టి ఇల్లు తీసుకునేటప్పుడు రెండు కాగితాలు ఉండాలని మా అభిప్రాయం. మొదటిది ఇంటి యజమానితో. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీకి కట్టాలి, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సున్నం, మరమ్మతుల ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. రెండవది ఆ నలుగురి మధ్య. మధ్యలో వెళ్ళేవారు తమ స్థానంలో మరొకరిని చూపాలా, వారి అడ్వాన్సు కొత్తగా వచ్చినవారు ఇవ్వాలా అన్నవి అందులో రాసుకోవాలి. చేరిన రోజున కరెంటు మీటరు అంకె రాసుకోవాలి. గోడలు, కుళాయిలు, కిటికీలు ఎలా ఉన్నాయో ఫోనులో ఫొటోలు తీసి ఇంటివారికి పంపాలి. ఆధార్ నకలు ఇస్తే దానిమీద ఏ పనికి ఇచ్చారో రాసి సంతకం చేయాలి. అద్దె బ్యాంకు ద్వారా గాని, రసీదు తీసుకొని గాని కట్టాలి. పదిహేను నిమిషాల పని. ఏడాది స్నేహాన్ని అది కాపాడుతుంది.

పేరు చెప్పగానే మారే మాట

ఇక అందరికీ తెలిసినా పైకి చెప్పుకోని సంగతి ఒకటి ఉంది. టు-లెట్ బోర్డు చూసి ఫోను చేస్తే అద్దె చెబుతారు, రమ్మంటారు. పేరు అడుగుతారు. పేరు చెప్పగానే, "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ" అంటారు. ఇది మన పిల్లల ఊహ కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక ముస్లిములు తమకు నచ్చిన చోట ఇల్లు కొనడానికి, అద్దెకు తీసుకోవడానికి పడుతున్న ఇబ్బందులను ప్రస్తావించింది. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు దిల్లీ, ఆ చుట్టుపక్కల నగరాలలో జరిపిన పరిశీలన 2015లో ప్రచురితమయింది. వేర్వేరు పేర్లతో అద్దె ఇళ్ళకోసం విచారించినప్పుడు ముస్లిముల పేర్లకు ఎదురైన తిరస్కారమే అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది.

దిల్లీ లెక్క విశాఖకు అతికించడం న్యాయం కాదు. ఓడరేవు పక్కన మూడు కొండల మీద గుడి, చర్చి, ఇస్‌హాఖ్ మదీనా దర్గా ఎదురెదురుగా నిలిచి ఉన్న ఊరు ఇది. దర్గాకు వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. మన పిల్లలకు ఇల్లు ఇచ్చి, పండుగనాడు సేమ్యా అందుకొని, తమ పండుగకు అరిసెలు పంపే ఇంటివారు ఇక్కడ ఎందరో ఉన్నారు. కాని నిరాకరణ కూడా ఉంది. దానికి తట్టుకోలేక పిల్లలు రెండు తప్పుడు దారులు పడుతున్నారు. ఒకటి, పేరు దాచి హిందూ స్నేహితుని పేరున ఇల్లు తీసుకోవడం. నెల తిరక్కుండా విషయం తెలుస్తుంది, ఉన్న నమ్మకం కూడా పోతుంది. రెండవది, మనవాళ్ళు ఉన్న పేటలోనే ఉంటామని కళాశాలకు ఎంతో దూరాన గది తీసుకోవడం. రోజుకు రెండు మూడు గంటలు బస్సులో గడిస్తే లైబ్రరీకి సమయం ఎక్కడిది?

ఇంటి యజమానుల భయాలను కూడా అర్థం చేసుకోవాలి. అద్దె ఎగవేస్తారని, రాత్రులు గోల చేస్తారని, నలుగురని చెప్పి ఎనమండుగురు దిగుతారని వారు భయపడతారు. ఈ భయం పెళ్ళికాని కుర్రవాళ్ళందరి మీదా ఉంది. దీనికి మందు పరిచయమే. ఊళ్ళో తెలిసిన ఒక ఉపాధ్యాయుడు, ఒక ఉద్యోగి, ఒక వ్యాపారి ఆ పిల్లల వెంట వెళ్ళి, "వీరి తండ్రి నాకు తెలుసు, ఏదైనా ఉంటే నాకు ఫోను చేయండి" అని నంబరు ఇస్తే సగం తలుపులు తెరుచుకుంటాయి.

ఈ సందర్భంలో మన వైపు కూడా చూసుకోవలసి ఉంది. మనలో ఇళ్ళు అద్దెకు ఇచ్చేవారు లేరా? మన ఇంటి గోడకు కూడా "ఫ్యామిలీలకు మాత్రమే" అన్న బోర్డు వేలాడటం లేదా? సాలూరు నుంచో పాడేరు నుంచో వచ్చిన గిరిజన విద్యార్థి, దళిత విద్యార్థి మన గుమ్మం ముందు నిలబడితే మనం ఏమంటున్నాం? మనకు జరిగితే అన్యాయమైనది మనం చేస్తే న్యాయం కాజాలదు. ఒక పోర్షను విద్యార్థులకు న్యాయమైన అద్దెకు ఇవ్వడం కూడా విద్యాదానమే.

ఒకే వంటగది, వేర్వేరు అలవాట్లు

ఇల్లు దొరికాక అసలు పరీక్ష వంటగదిలో మొదలవుతుంది. నలుగురిలో ఒకరు మాంసం ముట్టనివారు కావచ్చు. ఒకరు శనివారం ఒక్కపూట ఉండవచ్చు. మనవాడు హలాల్ అయితే తప్ప తినడు. గిన్నెలు వేరు పెట్టుకుంటే సరిపోయే విషయాన్ని చాలామంది మాటలతో పాడు చేసుకుంటారు. ఫజ్ర్ నమాజుకు లేచేవారు అలారం మోగించి అందరి నిద్ర చెడగొట్టనక్కరలేదు. రమజాను నెలలో సహరీ వంట ముందురోజు రాత్రే చేసి పెట్టుకుంటే పక్కవారికి ఇబ్బంది ఉండదు. అలాగే మనవాడు నమాజు చేసే పది నిమిషాలు టీవీ శబ్దం తగ్గించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఖర్చుల లెక్క ఒక నోటు పుస్తకంలో రాసి అందరికీ కనపడేచోట వేలాడదీస్తే నెలాఖరున గొడవ ఉండదు. పొరుగువారి హక్కు గురించి ఎన్నో ప్రసంగాలు వింటాం. ఒకే కప్పు కింద ఉండేవారు అందరికన్నా దగ్గరి పొరుగువారు.

ఇంగ్లండు వెళ్ళిన మన పిల్లలు కూడా ఈ పరీక్ష రాయవలసిందే. అక్కడ మొదటి సంవత్సరం విశ్వవిద్యాలయ వసతిలో ఉండి, తరువాత నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకోవడం సాధారణం. అక్కడా ఉమ్మడి సంతకం అంటే ఉమ్మడి బాధ్యతే. కాని అడ్వాన్సుకు రక్షణ ఉంది. యజమాని దానిని ప్రభుత్వ గుర్తింపు పొందిన పథకంలో నమోదు చేయాలన్న నియమం 2007 నుంచి అమలులో ఉంది. 2019 చట్టం మామూలు ఇళ్ళకు అడ్వాన్సును ఐదు వారాల అద్దెకు పరిమితం చేసింది. మన దేశంలోనూ విద్యార్థి డబ్బుకు ఇటువంటి రక్షణ ఎందుకు ఉండకూడదు?

ఆడపిల్లల మాట

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. అమ్మాయికి హాస్టలు గడువు ముగిసింది. ఎం.ఎస్సీ. పూర్తయింది, పరిశోధనకు అవకాశం ఉంది. లేదా బి.ఎడ్. అయి డీఎస్సీకి శిక్షణ తీసుకుంటున్నది. తల్లిదండ్రుల భయం అకారణం కాదు. ఊరుకాని ఊరు, తెలియని మనుషులు. కాని భయానికి మందు చదువు మాన్పించడం ఒక్కటేనా? పదిహేడేళ్ళు కష్టపడి చదివిన పిల్లను ఒక గది దొరకలేదన్న కారణంతో వెనక్కి పిలవడం ఆమెకే కాదు, రేపు ఆమె వద్ద చదువుకోబోయే పిల్లలందరికీ నష్టం.

మార్గాలు ఉన్నాయి. మూడు నాలుగు కుటుంబాలు కలిసి, తండ్రులే వెళ్ళి ఇల్లు చూసి, ఒప్పందం మీద తామే సంతకం చేసి తమ కుమార్తెలను ఉంచవచ్చు. ఇంటివారు కింది అంతస్తులో ఉండే ఇల్లు చూడవచ్చు. నెలకు ఒక తల్లి చొప్పున వెళ్ళి వారం రోజులు ఉండి రావచ్చు. అది కుదరనిచోట మంచి ప్రైవేటు హాస్టలు చూడవచ్చు. విద్యాసంస్థల ఆవరణ బయట ఉన్న హాస్టళ్ళకు కూడా, నెలకు 20,000 రూపాయల లోపు, కనీసం 90 రోజులు వరుసగా ఉండేవారి విషయంలో జీఎస్టీ మినహాయింపు ఇవ్వాలని 2024 జూన్ 22న జీఎస్టీ మండలి నిర్ణయించింది. పన్ను పేరుతో అదనంగా అడిగితే ఈ సంగతి గుర్తు చేయాలి. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి, మెట్లు, తలుపు గడియలు, రాత్రి వెళ్ళి వచ్చే వీధి దీపాలు తల్లిదండ్రులు స్వయంగా చూడాలి. ఆ తరువాత అమ్మాయి మీద నమ్మకం ఉంచాలి.

ముందున్న రోజులు

విశాఖలో ఇళ్ళ గిరాకీ ఇకమీదట తగ్గే సూచన లేదు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్ సంస్థకు రుషికొండ వద్ద భూమి కేటాయించింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ సంస్థ ఇక్కడ డేటా కేంద్రానికి ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించింది. ఉద్యోగాలు వస్తే సంతోషమే. కాని జీతగాడు, విద్యార్థి ఒకే టు-లెట్ బోర్డు ముందు నిలబడితే ఇల్లు ఎవరికి దక్కుతుందో చెప్పనక్కరలేదు. మరోవైపు ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకున్న కుటుంబాలు 2021 నుంచి పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం నీడలో బతికాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించినా ఆందోళన పూర్తిగా తొలగలేదు. ఆదాయం అనిశ్చితంగా ఉన్న ఇంటికి పిల్లవాని గది అద్దె చిన్న విషయం కాదు.

ప్రభుత్వాలు చేయవలసినది చేయాలి. 2020లో మన రాష్ట్రంలో మొదలైన వసతి దీవెన పథకం కింద డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలు వసతి, భోజనాల కోసం తల్లుల ఖాతాలలో వేసే ఏర్పాటు జరిగింది. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి. పేరు ఏదైనా, వసతి ఖర్చు కూడా చదువు ఖర్చేనన్న సూత్రాన్ని ఎవరూ వదలకూడదు. విశ్వవిద్యాలయాలు కొత్త హాస్టళ్ళు కట్టాలి. అంతవరకు విద్యార్థులకు ఇల్లు ఇవ్వడానికి ఇష్టపడే యజమానుల జాబితా ఒకటి తమ కార్యాలయంలో ఉంచాలి.

మనం చేయగలిగినది మరీ సులభం. వన్ టౌన్‌లో, అల్లిపురంలో, అక్కయ్యపాలెంలో, గాజువాకలో ప్రతి మసీదు కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టవచ్చు. ఏ వీధిలో ఏ ఇల్లు ఖాళీగా ఉంది, అద్దె ఎంత, ఎవరిని అడగాలి అన్నది అందులో రాయవచ్చు. ఊరికి కొత్తగా వచ్చిన విద్యార్థి వెంట వెళ్ళి మాట్లాడటానికి ఇద్దరు పెద్దలను నియమించవచ్చు. అడ్వాన్సుకు డబ్బు చాలని పిల్లలకు వడ్డీలేని రుణం, ఖర్జె హసనా, ఇవ్వవచ్చు. ఆ డబ్బు ఇల్లు ఖాళీ చేసిననాడు తిరిగి వస్తుంది, మరో విద్యార్థికి పనికివస్తుంది. కొత్త విద్యా సంవత్సరం మొదలై పిల్లలు పెట్టెలు సర్దుకోకముందే ఆ పుస్తకంలో మొదటి పేజీ నిండాలి.